నిద్రపోయే ఇంట్లో బేస్ గిటార్

*మాటల్ని, పాటల్ని అంతో ఇంతో ఆపే అపార్ట్‌మెంట్ గోడలు బేస్ గిటార్ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తున్నాయి. రాత్రిపూట సాధన చేసేవాళ్లు అందుకే శబ్దాన్ని చెవులకే పరిమితం చేసే హెడ్‌ఫోన్ ఆంప్‌ల (ఆంప్లిఫయర్ల) వెంట పడుతున్నారు. అయితే కొనేముందు పట్టించుకోవాల్సింది డబ్బా కన్నా చెవుల్ని.*

రాత్రి పదిన్నర. మియాపూర్‌లో ఓ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. రెండో అంతస్తు ఫ్లాట్‌లో, వంటింటి స్టాండులో కడిగి బోర్లించిన స్టీలు పళ్లేలు ఉన్నట్టుండి సన్నగా జుయ్యిమంటాయి. ఆగుతాయి. మళ్లీ మొదలవుతాయి. పడుకోబోతున్న పెద్దాయన లేచి వచ్చి ఫ్రిజ్ మీద చెయ్యి ఆనించి చూస్తారు. వాషింగ్ మెషీన్ ప్లగ్గు పీకేస్తారు. లాభం లేదు. ఫోన్ తీసి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెడతారు: ‘బోరు మోటారు ఆపడం మర్చిపోయినట్టున్నారు, ఎవరైనా చూడండి.’

కింది నుంచి వాచ్‌మన్ వాయిస్ మెసేజ్: ‘మోటర్ బందే ఉంది సార్, చూసొచ్చిన.’

ఇంకో ఫ్లాటావిడ అందుకుంటారు. ‘పైన ఎవరో గ్రైండర్ వేసినట్టున్నారండీ. ఈ వేళప్పుడు పిండి రుబ్బడమేంటి?’

మూడో అంతస్తులో పిండి ఎవరూ రుబ్బడం లేదు. ఆఫీసు కాల్స్ అయ్యేసరికి పది దాటిన ఓ కుర్రాడు, నెల కిందట కొన్న నాలుగు తీగల బేస్ గిటార్ ఒళ్లో పెట్టుకుని ‘గీతాంజలి’ పాటల్లో ఒకదాని బేస్ లైన్ పట్టుకోవాలని కుస్తీ పడుతున్నాడు. ఆంప్ వాల్యూమ్ రెండు మీదే ఉంది. అతని లెక్కలో అది గుసగుస.

బేస్ నేర్చుకునే ప్రతి ఇంట్లోనూ ఇంచుమించు ఇలాంటి రాత్రి ఒకటి వస్తుంది. 2020 లాక్‌డౌన్ రోజుల్లో ప్రపంచమంతటా జనం వాయిద్యాలు కొన్నారు. తమ చరిత్రలో అంత అమ్మకాలున్న ఏడాది లేదని అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్ ప్రకటించింది. అలా ఇళ్లలోకి వచ్చిన వాయిద్యాల్లో బేస్‌ది ప్రత్యేకమైన చిక్కు. వయొలిన్ రాగం తప్పితే పక్కింటివాళ్లు నవ్వుకుంటారు, కీబోర్డ్ అయితే వాల్యూమ్ తగ్గించమంటారు. బేస్ విషయంలో అసలు ఆ చప్పుడేమిటో, ఎక్కడిదో కూడా వాళ్లకు అంతుపట్టదు.

గోడ అవతలికి వెళ్లేది సగం పాటే

బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ ‘ఇ’. సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఐదు తీగల బేస్ అయితే దాని కింద ‘బి’ తీగ ఉంటుంది, అది 31 సార్లే. మామూలు గిటార్‌లోని లావు తీగ 82 సార్లు కంపిస్తుందంటే తేడా తెలుస్తుంది. 41 హెర్ట్జ్ శబ్దానికి గాలిలో ఒక్కో తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే. మన పడకగదులు అందులో సగం కూడా ఉండవు. అంత నిదానమైన, అంత పొడవైన అలకు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ పెద్ద అడ్డేమీ కాదు. దానికి తోడు ఆంప్‌ను నేరుగా గచ్చు మీద పెడితే స్లాబే కంపించి శబ్దాన్ని కిందికి చేరవేస్తుంది.

వేలు తీగను మీటినప్పటి టక్కుమనే చప్పుడు, స్వరానికి ఒక రూపాన్నిచ్చే పై పొరలు గోడ దగ్గరే ఆగిపోతాయి. అడుగున ఉన్న హుంకారం ఒక్కటే అవతలికి వెళుతుంది. అది పాటలా ఉండదు, యంత్రంలా ఉంటుంది. కాబట్టి మోటారనో గ్రైండరనో అనుకున్నవాళ్లను తప్పు పట్టలేం.

మరి వాల్యూమ్ తగ్గిస్తే సరిపోదా? అక్కడే మనిషి చెవి ఒక మెలిక పెట్టింది. వెయ్యి హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ ఉన్నా ఆరోగ్యమైన చెవి పసిగడుతుంది. 40 హెర్ట్జ్ దగ్గర దాదాపు 50 డెసిబెల్స్ ఉంటేగానీ అక్కడ శబ్దం ఉందన్న సంగతే దానికి తెలియదు. 1933లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో హార్వే ఫ్లెచర్, వైల్డెన్ మన్సన్ గీసిన గ్రాఫులు ఈ సంగతిని కళ్లకు కట్టాయి. ఆంప్ తగ్గించిన కొద్దీ ముందు మాయమయ్యేది బేసే. సాధన చేసే మనిషికి లావు తీగ సరిగా వినపడదు, నాబ్ ఇంకాస్త తిప్పుతాడు. అతనికి హాయిగా వినిపించే సమయానికి కింద పళ్లేలు మోగుతుంటాయి. గదిలో అతను కూర్చున్న చోటు కూడా మోసం చేయొచ్చు. పొడవాటి తరంగాలు గోడలకు తగిలి తిరిగొచ్చేటప్పుడు గదిలో కొన్నిచోట్ల ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, కొన్నిచోట్ల రెట్టింపవుతాయి. బలహీనమైన చోట కుర్చీ వేసుకున్నవాడు తెలియకుండానే ఇల్లంతా దద్దరిల్లజేస్తాడు.

గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించే పద్ధతి ఇప్పటికీ చాలా గదుల్లో కనిపిస్తుంది. అట్టలైనా, ఆన్‌లైన్‌లో దొరికే పలచని ఫోమ్ షీట్లైనా గది లోపలి ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయంతే. 41 హెర్ట్జ్‌కు అవి ఉన్నా లేనట్టే. ఆ డబ్బుతో హెడ్‌ఫోన్స్ కొనుక్కోవడం మేలు.

> మీటరుకు ఆనని చప్పుడు
>
> 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. సొంత ఇంట్లోని సౌండ్ సిస్టమ్ అయినా, వాయిద్యమైనా ఆ స్థలం సరిహద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదని 2010 సవరణ చెబుతోంది.
>
> ఇక్కడో విచిత్రం ఉంది. ఈ కొలతకు వాడేది ‘ఎ వెయిటింగ్’ పద్ధతి. అంటే మనిషి చెవి తీరును అనుకరిస్తూ లోతైన శబ్దాలకు మార్కులు తగ్గించి వేస్తుంది. 40 హెర్ట్జ్ దగ్గర ఆ కోత సుమారు 35 డెసిబెల్స్. పళ్లేలు మోగుతున్నా మీటరు మాత్రం అంతా బాగానే ఉందని చూపించవచ్చు. బేస్ గొడవలు చట్టం దాకా వెళ్లకుండా వాట్సాప్ గ్రూపుల్లోనే నలగడానికి ఇదీ ఒక కారణమే.

నడుముకు తగిలించుకున్న స్టూడియో

చప్పుడు లేకుండా ఎలక్ట్రిక్ వాయిద్యం వాయించాలన్న కోరిక ఇప్పటిది కాదు. అమెరికాలో టామ్ షోల్జ్ అనే మెకానికల్ ఇంజనీరు ఎంఐటీలో చదివి పోలరాయిడ్ కంపెనీలో పనిచేస్తూ, మిగిలిన సమయమంతా మాసచుసెట్స్‌లోని తన ఇంటి బేస్‌మెంట్‌లో పాటలు రికార్డు చేసేవాడు. 1976లో ‘బోస్టన్’ బ్యాండ్ తొలి ఆల్బమ్ ఆ బేస్‌మెంట్ నుంచే పుట్టి కోటికి పైగా అమ్ముడైంది. అదే షోల్జ్ 1982లో ‘రాక్‌మన్’ అనే పరికరాన్ని తెచ్చాడు. వాక్‌మన్‌లు జేబుల్లోకి చేరిన రోజులవి. ఇదీ బెల్టుకు తగిలించుకునేదే. గిటార్ ఒకవైపు, హెడ్‌ఫోన్స్ ఇంకోవైపు గుచ్చితే పెద్ద స్టూడియోలో వాయిస్తున్నట్టుండేది. సాధన కోసం చేసిన ఆ డబ్బా చివరికి రికార్డింగులకే పనికొచ్చింది. 1987లో వచ్చిన డెఫ్ లెపర్డ్ బ్యాండ్ ఆల్బమ్ ‘హిస్టీరియా’లోని గిటార్ శబ్దం వెనుక ఉన్నది రాక్‌మనే. బేస్ కోసం కూడా వేరే రాక్‌మన్ వచ్చింది.

ఆంప్ లేకపోతే బేస్ శబ్దం చప్పగా ఉంటుందన్న అనుమానం ఉన్నవాళ్లు ఇంకాస్త వెనక్కి, 1960ల నాటి డెట్రాయిట్‌కు వెళ్లి చూడొచ్చు. మోటౌన్ రికార్డు కంపెనీ స్టూడియో ‘ఎ’లో జేమ్స్ జేమర్సన్ తన ఫెండర్ ప్రిసిషన్ బేస్‌ను, ముందు ఆంప్ అంటూ లేకుండా, కేబుల్‌తో నేరుగా రికార్డింగ్ కన్సోల్‌కు కలిపేవాడు. చూపుడు వేలొక్కటే వాడి వాయించేవాడని చెబుతారు. బేస్ వాయించేవాళ్లంతా ఇప్పటికీ తలవంచే ఆ స్వరాలకు గది కదిలించే స్పీకర్ పెట్టె అవసరం పడలేదు.

మన దగ్గర బేస్ చెవిని పట్టించింది ఎక్కువగా ఇళయరాజా. ‘సాగర సంగమం’, ‘గీతాంజలి’, ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ పాటల్ని మంచి హెడ్‌ఫోన్స్‌లో మళ్లీ వింటే, గాయకుల కింద ఇంకొకరెవరో వేరే పాట పాడుకుంటూ పోతున్నట్టుంటుంది. రాజా ఆర్కెస్ట్రాలో దశాబ్దాల పాటు ఆ తీగలు మీటింది శశిధరన్. ఎ.ఆర్.రెహమాన్ పాటల్లో బేస్ అంటే కీత్ పీటర్స్ పేరే ముందు గుర్తొస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో బేస్ నేర్చుకోవాలనుకునే పిల్లల్లో చాలామందిని ఇటువైపు లాగింది ఈ పాటలే.

ముందు చెవులు, తర్వాత డబ్బా

హెడ్‌ఫోన్ ఆంప్ కొనడానికి వచ్చేవాళ్లు మొదట అడిగేది ‘ఏ కంపెనీ మంచిది?’ అని. నిజానికి ముందు అడగాల్సింది ‘నా దగ్గరున్న హెడ్‌ఫోన్స్‌లో లావు తీగ వినిపిస్తుందా?’ అని. గోడలు దాటిపోయే ఆ లోతైన స్వరం చెవి దగ్గర కూడా అంత సులువుగా నిలవదు.

హెడ్‌ఫోన్ కుషన్ చెవి చుట్టూ గాలి చొరబడకుండా అతుక్కుంటేనే బేస్ ఉంటుంది. సందు ఉంటే ఒత్తిడి బయటికి పోతుంది, గాస్కెట్ వదులైన కుక్కర్‌లో ఆవిరి పోయినట్టు. కళ్లద్దాల కాడ, ఒత్తైన జుట్టు, చిట్లిపోయిన రెగ్జిన్ కుషన్ వీటిలో ఏదైనా చాలు బేస్ పలచబడటానికి. వేల రూపాయల ఆంప్ కొని ‘దమ్ము లేదు’ అని పెదవి విరిచేవాళ్లలో కొందరు కుషన్లు మార్చుకుంటే సరిపోయేది. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్స్‌కూ ఇదే వర్తిస్తుంది. సరైన సైజు రబ్బరు టిప్ ఉంటే చిన్న ఇయర్‌ఫోన్ కూడా 41 హెర్ట్జ్‌ను చక్కగా వినిపిస్తుంది. టిప్ వదులైతే ఆ స్వరం ఉండదు.

అయినా ఫోన్ స్పీకర్లో బేస్ లైన్ ఎలా వినిపిస్తోంది? స్పీకర్ దాన్ని పలకలేదు. అది పలికే పై పొరల్ని బట్టి కింది స్వరాన్ని మన మెదడే ఊహించి పూరిస్తుంది. వినేవాడికి ఆ ఊహ చాలు. వాయించేవాడికి చాలదు, తీగను ఎక్కడ ఆపాడో, శబ్దం ఎక్కడ సాగిపోతోందో అతనికి స్పష్టంగా తెలియాలి.

వెనుక భాగం మూసి ఉన్న హెడ్‌ఫోన్స్, తెరిచి ఉన్నవి అని రెండు రకాలు. తెరిచి ఉన్నవి విశాలంగా వినిపిస్తాయి కానీ లోపలి శబ్దం బయటికి కారుతుంది. పక్కనే పసిపాప నిద్రపోతున్న గదిలో అవి పనికిరావు. మూసి ఉన్నవే కొనాలి. వాటితో ఇంకో లాభం ఏమంటే సీలింగ్ ఫ్యాన్, కూలర్ హోరు కూడా తగ్గుతుంది కాబట్టి వాల్యూమ్ పెంచాల్సిన పని అంతగా ఉండదు.

డబ్బా మీద ‘ఓమ్స్’ అని రాసిన అంకెను కూడా చూడాలి. బేయర్‌డైనమిక్ కంపెనీ డీటీ 770 ప్రో మోడల్‌నే 32, 80, 250 ఓమ్స్‌లో అమ్ముతుంది. స్టూడియోలో 250 వాడతారని విని అదే కొని, రెండు సన్న బ్యాటరీలతో నడిచే బుల్లి ఆంప్‌కు తగిలిస్తే శబ్దం నీరసంగా వస్తుంది. అలాంటి ఆంప్‌లకు 32 నుంచి 80 మధ్య ఉన్నవి సుఖం. ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్ 38 ఓమ్స్, స్టూడియోల్లో ఏళ్ల తరబడి కనిపిస్తున్న సోనీ ఎండీఆర్ 7506 63 ఓమ్స్.

> బ్లూటూత్ అని రాసి ఉంది కదా!
>
> ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. బుల్లి ఆంప్‌ల మీద రాసి ఉండే బ్లూటూత్ చాలావరకు ఫోన్‌లోని పాటను ఆంప్‌లోకి తెచ్చుకోవడానికి. అక్కడి నుంచి బేస్ శబ్దాన్ని వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌కు పంపడానికి కాదు.
>
> ఒకవేళ పంపినా వాయించలేరు. మామూలు బ్లూటూత్ ఆడియో 150 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో బీట్‌ను నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క 125 మిల్లీసెకన్లు. అంటే వేలు మీటాక అంతకన్నా ఎక్కువసేపు ఆగి స్వరం చెవిని చేరుతుంది. శబ్దం గాలిలో పోయే వేగంతో లెక్కేస్తే, ఆంప్‌ను 50 మీటర్ల అవతల పెట్టి వాయించినట్టు.
>
> సినిమా చూడటానికి పనికొచ్చే ఇయర్‌బడ్స్ సాధనకు పనికిరావు. వైరున్నవే వాడాలి.

ఏది ఎవరికి

అసలు ఈ ఆంప్ ఎందుకు, బేస్‌నే హెడ్‌ఫోన్స్‌కు గుచ్చితే సరిపోదా అని ప్రయత్నించనివారు అరుదు. ఒక చెవిలో ఈగ మోతంత శబ్దం వస్తుంది. తీగల కదలికను పట్టే పికప్ పంపే సిగ్నల్ చాలా బలహీనం. పైగా దాన్ని అందుకునే పరికరం దాదాపు ఒక మెగాఓమ్ నిరోధంతో, సున్నితంగా అందుకోవాలి. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో గుచ్చితే స్వరం మొద్దుబారిపోవడానికి కారణం అదే.

అన్నిటికన్నా చౌక, అన్నిటికన్నా చిన్నది నేరుగా బేస్ జాక్‌లో గుచ్చే రకం. వాక్స్ కంపెనీ ‘ఆంప్‌ప్లగ్’ దీనికి దారి చూపింది. అందులో గిటార్‌కు రకరకాలు, బేస్‌కు వేరేగా ఒకటి ఉన్నాయి. ‘ఆంప్‌ప్లగ్ 2 బేస్’ రెండు ట్రిపుల్‌ ఎ బ్యాటరీలతో నడుస్తుంది, లోపల తొమ్మిది డ్రమ్ బీట్లు ఉంటాయి, ఫోన్ నుంచి పాట కలుపుకోవడానికి రంధ్రం ఉంటుంది. హాస్టల్లో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడికి ఇది చాలు. పై బెర్తు మీద కూర్చుని కూడా వాయించుకోవచ్చు. లోటు ఎక్కడంటే, గట్టిగా మీటినా, బొటనవేలితో కొట్టే స్లాప్ వాయించినా రెండు బ్యాటరీల బలం సరిపోక శబ్దం పగులుతుంది. జాక్ మీద బరువు వేలాడుతూ ఉంటుంది కాబట్టి అజాగ్రత్తగా తగిలితే ఆ జాక్ వదులవుతుంది కూడా.

దుకాణాల్లో ‘గిటార్‌దే తీసుకోండి సార్, బేస్‌కూ పనిచేస్తది’ అంటారు. పనిచేస్తుంది, సగం. గిటార్ ఆంప్‌లో గిటార్ స్పీకర్ పెట్టెను అనుకరించే భాగం 80 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని వదిలేసేలా ఉంటుంది. బేస్‌లో అసలు సంగతంతా ఆ కిందే ఉంది. బేస్ అని ప్రత్యేకంగా రాసి ఉన్నదో, బేస్ మోడ్ ఉన్నదో తీసుకోవాలి. 2024లో వచ్చిన బాస్ కంపెనీ ‘కటానా గో’లో గిటార్‌కు, బేస్‌కు వేర్వేరు మోడ్‌లు ఇచ్చారు. ఎన్‌యూఎక్స్ ‘మైటీ ప్లగ్’ లాంటి చైనా పరికరాలూ ఈ వరుసలోకే వస్తాయి. ఇవన్నీ చార్జింగ్‌తో నడుస్తాయి. ఫెండర్ ‘మస్టాంగ్ మైక్రో’ 2021లో వచ్చినప్పుడు ఒకసారి చార్జ్ చేస్తే ఆరు గంటల దాకా నడుస్తుందని కంపెనీ చెప్పింది. ఏడాది రెండేళ్లకు ఆ గంటలు తగ్గడం సహజం. బ్యాటరీ మార్చుకునే వీలుందా లేదా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.

కోస్తా జిల్లాల్లోనైనా, హైదరాబాద్‌లోనైనా బేస్ గిటార్ పట్టినవాళ్లలో చాలామందికి మొదటి వేదిక చర్చి. ఆదివారం ఆరాధనకు ఆరేడు పాటలు, అందులో రెండు కొత్తవి, అవి చేతికొచ్చేది శనివారం సాయంత్రం. పాస్టర్‌గారు చివరి నిమిషంలో శ్రుతి మార్చమంటారు. అలాంటివాళ్లకు కావాల్సింది తళతళలాడే శబ్దం కాదు, పాటను ఆపి, వెనక్కి తిప్పి, నిదానంగా వింటూ దాని మీద వాయించే వీలు. ఈ పనికి నేల మీద పెట్టుకునే చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ మేలైన బేరం. జూమ్ ‘బి1 ఫోర్’ లాంటిదాంట్లో 68 డ్రమ్ బీట్లు, వాయించింది తిరిగి తిరిగి వినిపించే 30 సెకన్ల లూపర్, ట్యూనర్, హెడ్‌ఫోన్ రంధ్రం అన్నీ ఉంటాయి. నాలుగు పెన్‌ బ్యాటరీల మీద కూడా నడుస్తుంది కాబట్టి కరెంటు పోయినా సాధన ఆగదు. పొద్దున్నే అదే పెడల్‌ను చర్చికి పట్టుకెళ్లి మిక్సర్‌కు తగిలించుకోవచ్చు. ఒక్కటే కొనగలిగిన కొత్తవాళ్లకు బుల్లి ప్లగ్గు కన్నా ఇదే సరైనది. ఎఫెక్ట్స్ మోజులో పడి సాధన మర్చిపోకుండా ఉంటే చాలు.

ఇంట్లో ల్యాప్‌టాప్ ముందే కూర్చునేవాళ్లకు ఆడియో ఇంటర్‌ఫేస్ ఇంకో దారి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటిదాంట్లో బేస్ కోసం తగిన ఇన్‌పుట్, హెడ్‌ఫోన్ రంధ్రం రెండూ ఉంటాయి. వాయించింది రికార్డు చేసుకుని వినొచ్చు, అది కాస్త బాధ కలిగించే అనుభవమే అయినా ఏ గురువూ చెప్పనంత నిక్కచ్చిగా చెబుతుంది. ఫోన్‌తోనే పని కానిద్దామనుకునే ఆండ్రాయిడ్ వాడకందార్లు మాత్రం ముందు ఎవరిదగ్గరైనా వాయించి చూడాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో శబ్దం లోపలికి వెళ్లి బయటికి వచ్చేసరికి ఆలస్యం తెలిసిపోతుంది. ఐఫోన్లలో ఈ ఇబ్బంది తక్కువ.

ఖర్చుకు వెనుకాడనివాళ్లకు బాస్ ‘వాజా-ఎయిర్ బేస్’ ఉంది. ఆంప్ అంతా హెడ్‌ఫోన్స్‌లోనే. బేస్ నుంచి శబ్దం బ్లూటూత్ మీద రాదు, కంపెనీ సొంత వైర్‌లెస్ మీద వస్తుంది కాబట్టి ఆలస్యం తెలియదు. తల తిప్పితే ఆంప్ గదిలో ఒకచోటే ఉన్నట్టు శబ్దం పక్కకు జరుగుతుంది. సరదాగా ఉంటుంది. ఆ డబ్బుకు మంచి బేసే వస్తుంది కదా అని ఇంట్లో అడిగితే జవాబు చెప్పడం కష్టం.

అమెరికా వెళ్లిన తెలుగు కుర్రాళ్ల బాధ ఇంకో రకం. అక్కడి అపార్ట్‌మెంట్లు చాలావరకు చెక్క చట్రం మీద కట్టినవి, అడుగు గట్టిగా వేస్తేనే కింద వినిపిస్తుంది. పాదంతో తాళం వేసే అలవాటు ఉన్నవాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా ఫిర్యాదు తప్పదు. బేస్ అదురును ఒంటికి తెలియజేయడానికి కుర్చీకి బిగించే ‘బట్‌కికర్’ లాంటి పరికరాలూ అమ్ముతున్నారు. అది నేలను కూడా అదరగొడుతుంది. ఏ గొడవ తప్పించుకోవడానికి హెడ్‌ఫోన్స్ కొన్నారో ఆ గొడవను మళ్లీ ఇంట్లోకి పిలుచుకోవడమే.

చెవి లోపలి ప్రమాదం

పక్కింటివాళ్లకు శాంతి దొరికింది. ఇక ప్రమాదం సొంత చెవులకే. తోడు పెట్టుకున్న పాట వాల్యూమ్ పెంచితే బేస్ వినపడదు, బేస్ పెంచితే పాట మునిగిపోతుంది, మళ్లీ పాట పెంచుతారు. అరగంటలో రెండూ పై అంచుకు చేరతాయి. పైగా లోతైన స్వరాలు చెవిని పొడవవు కాబట్టి ఎంత గట్టిగా వింటున్నారో తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటల దాకా వినొచ్చు. 90 డెసిబెల్స్ అయితే నాలుగు గంటలే. రోజుకు గంట సాధన చేసేవాడు 90 దగ్గర వింటే గురువారానికల్లా ఆ వారం కోటా అయిపోయినట్టే.

పాటను ముందు తక్కువగా పెట్టి, బేస్‌ను దానికి తగ్గట్టు సర్దుకుని, ఆ తర్వాత నాబ్‌ల జోలికి పోకపోవడం తేలికైన ఉపాయం. ఇంకా మేలైనది, పాటలోంచి బేస్‌నే తీసేయడం. 2019లో డీజర్ కంపెనీ ‘స్ప్లీటర్’ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా విడుదల చేశాక పాటను గొంతు, డ్రమ్స్, బేస్ అని విడగొట్టడం ఇంట్లో కూర్చుని చేసే పనైపోయింది. ‘మొయిసెస్’ లాంటి యాప్‌లు దాన్ని ఫోన్‌లోకి తెచ్చాయి. అసలు బేస్ తీసేస్తే దానితో పోటీ పడి పెంచాల్సిన అవసరమే ఉండదు. శశిధరన్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నట్టు ఓ చిన్న గర్వం కూడా.

హెడ్‌ఫోన్స్ కొన్నిటిని నేర్పుతాయి, కొన్నిటిని చెడగొడతాయి. తీగ ఫ్రెట్‌కు తగిలి చేసే బర్రు, ఆపాల్సిన తీగ ఆగకుండా మోగడం లాంటివి ఆంప్‌లో కలిసిపోయి వినపడవు. చెవి పక్కనైతే తప్పించుకోలేవు. అయితే అంత దగ్గర నుంచి వినేవాడి చెయ్యి నెమ్మదిగా మెత్తబడుతుంది. అదే చేత్తో డ్రమ్మర్ పక్కన నిలబడితే స్వరం వినిపించకుండా పోతుంది. నెలకోసారైనా రిహార్సల్ గదిలో పెద్ద ఆంప్ ముందు వాయిస్తే ఆ తేడా చెయ్యికి గుర్తుంటుంది.

> రూపాయి ఖర్చు లేకుండా
>
> ఆంప్ లేకుండానే బేస్ కొద్దిగా వినిపించాలంటే దాని పైకొసను చెక్క మంచం తలాపుకో, చెక్క అల్మరాకో ఆనించి వాయించాలి. చెక్క కూడా కంపించి శబ్దాన్ని పెంచుతుంది. అర్ధరాత్రి వేళ్ల కసరత్తుకు ఇది చాలు.
>
> హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా తీగల టకటక అదే గదిలో ఉన్నవాళ్లకు వినిపిస్తుంది. బ్రిడ్జి దగ్గర తీగల కింద స్పాంజి ముక్క దూరిస్తే చాలావరకు తగ్గుతుంది. తొలినాళ్ల ఫెండర్ బేస్‌లలో బ్రిడ్జి మూత కింద కంపెనీయే ఫోమ్ పెట్టి ఇచ్చేది.

షాపులో అరగంట

ఆన్‌లైన్‌లో వందల రూపాయలు తగ్గినా, మొదటిసారి కొనేవాళ్లు దుకాణానికి వెళ్లడమే నయం. వెళ్లేటప్పుడు సొంత బేస్, సొంత హెడ్‌ఫోన్స్ పట్టుకెళ్లాలి. దుకాణంలో తగిలించి చూపించే ఖరీదైన హెడ్‌ఫోన్స్‌లో ఏ ఆంప్ అయినా బాగానే వినిపిస్తుంది. ఆంప్‌ను బేస్‌లో గుచ్చి జాక్ ఎక్కడుందో చూడాలి. ప్రిసిషన్, జాజ్ బేస్‌లలో జాక్ ముందువైపు ఉంటుంది, ప్లగ్గు రకం ఆంప్ అక్కడ కొమ్ములా పొడుచుకొచ్చి చేతికి అడ్డుపడుతుందేమో కూర్చుని వాయిస్తేనే తెలుస్తుంది.

తర్వాత లావు తీగను ఒట్టిగా మీటి, చివరిదాకా మోగనివ్వాలి. మొదట్లో బర్రుమందా, మధ్యలో సన్నగిల్లిందా, చివర్లో స్ అనే గాలి శబ్దం మిగిలిందా వినాలి. ఆ తర్వాత గట్టిగా మీటాలి. ఫోన్‌లో బాగా తెలిసిన పాట పెట్టుకుని, దాని మీద వాయించి, పాటకూ బేస్‌కూ విడివిడిగా వాల్యూమ్ ఉందో లేదో చూడాలి. ఇది లేని ఆంప్‌తో రోజూ చిరాకే. సేల్స్ కుర్రాడు వందో శబ్దం వినిపించబోతుంటే ఆపమనొచ్చు, ఇంటికెళ్లాక వాడేది రెండో మూడో.

బ్యాటరీ ఉన్న యాక్టివ్ బేస్ వాడేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. జాక్‌లో పిన్ను ఉన్నంతసేపూ బేస్ లోపలి 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, హెడ్‌ఫోన్ ఆంప్ స్విచ్ ఆపేసినా సరే. బుల్లి ఆంప్‌ను అలాగే గుచ్చి ఉంచి బేస్‌ను మూలకు ఆనించే అలవాటు ఇక్కడ దెబ్బతీస్తుంది. స్వరం ఉన్నట్టుండి బొంగురుపోతే కొత్త ఆంప్‌ను తిట్టుకుంటూ దుకాణానికి పరుగెత్తే ముందు ఆ బ్యాటరీ మార్చి చూడాలి.